తీసేసిన టపా మళ్లీ పెట్టు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ మెయిలూ, దానికి తగిలించి పంపిన నీ బ్లాగు టపాలూ అందాయి. అన్నీ చదివాను. బ్లాగర్ మంచిదా వర్డ్‌ప్రెస్ మంచిదా, సొంత డొమైన్ కొనాలా, రోజూ రాయాలా వారానికొకటి చాలా, ప్రకటనలు వేసి డబ్బులిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ ఎప్పుడొస్తుంది, కలం పేరు పెట్టుకుంటే ఎవరైనా ఏమైనా అనుకుంటారా, యూట్యూబ్‌కి మారిపోనా అని చాలా అడిగావు. వరసగా జవాబులు రాద్దామనే కూర్చున్నాను. మెయిలు చివర్లో నువ్వు రాసిన ముక్క దగ్గర ఆగిపోయాను. "మా తాత మీద రాసిన పోస్టుకి పదమూడే వ్యూస్ వచ్చినయి మేడమ్, అందుకే డిలీట్ చేసిన."

అది చదివాక మిగతా ప్రశ్నలు పక్కన పెట్టేశాను. నీ మీద కోపం వచ్చింది. టీ తాగొచ్చి మళ్లీ చదివినా తగ్గలేదు.

తీసేసిన టపాని వర్డ్ ఫైలుగానైనా పంపావు, నయం. మీ తాత నీరటి, అంటే ఊరి చెరువు నీళ్లు పొలాలకి పంచే మనిషి. చెరువు తూములోకి ఆయన ఎలా దిగేవాడో, మూత ఎంత ఎత్తితే నీళ్లు ఏ మడి దాకా పోతాయో ఆయనకి ఎలా తెలిసేదో రాశావు. యాసంగి (రబీ) పంటకి ముందు చెరువులో మిగిలిన నీళ్లు చూసి, ఎవరెంత సాగు చేయాలో తేల్చుకుంటూ ఊళ్లో తైబందీ కట్టేటప్పుడు పెద్ద రైతులు కూడా ఆయన మాట ఎందుకు వినేవాళ్లో రాశావు. రాత్రిపూట వంతు తప్పించి నీళ్లు మళ్లించుకున్నవాణ్ణి నలుగురిలో పేరెత్తకుండానే ఎలా దారికి తెచ్చేవాడో రాశావు. చెరువు నిండి మత్తడి దుంకిన రోజు ఊరంతా కట్టెక్కి నీళ్లు చూస్తుంటే, ఆయన ఒక్కడే కట్టకి అవతలి వైపు దిగి ఎక్కడ బుంగ పడుతుందోనని వెతుక్కుంటూ నడిచేవాడట. బాగుంది. నేను కృష్ణా డెల్టాలో పుట్టినదాన్ని. మాకు కాలువలు, లాకులు, లస్కర్లు తెలుసు. చెరువు కింద ఊరంతటి సేద్యం ఇలా ఒక మనిషి చేతి మీదుగా నడుస్తుందని తెలియదు. నాకు తెలియనిది చెప్పావు. అంతకు మించిన మెచ్చుకోలు నా దగ్గర లేదు.

ఇక తిట్లు.

ఆ టపాకి నువ్వు పెట్టిన పేరు "తడి ఆరని జ్ఞాపకం..." చివర మూడు చుక్కలొకటి. అమ్మాయీ, ఈ భూమ్మీద ఎవరైనా ఫోన్ తీసి "తడి ఆరని జ్ఞాపకం" అని వెతుకుతారా? నీరటి అంటే ఎవరు అని వెతుకుతారు. తైబందీ ఎలా కట్టేవాళ్లు అని వెతుకుతారు. గొలుసుకట్టు చెరువుల మీద కాలేజీ ప్రాజెక్టు రాసుకునే పిల్లలు వెతుకుతారు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడికతీత గురించి, కట్టల గురించి పేపర్ల నిండా రాశారు. తూము తెరిచే మనిషి గురించి ఎవరు రాశారు? నువ్వు రాశావు. రాసి, ఆ మనిషి కోసం వెతికేవాడికి కనపడకుండా పేరు పెట్టావు. కనపడలేదు కాబట్టి పనికిరాదని తీసేశావు.

ఈ పేర్ల జబ్బు నీది మాత్రమే కాదని తెలుసు. ఆదివారం అనుబంధాలు అంటించిన జబ్బు ఇది. నేను బ్యాంకులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో తేగల గురించి ఒక వ్యాసం రాసి ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి పంపాను. తాటిపండు తిన్నాక టెంకలు ఎలా ఏరి పెడతారు, పాతర ఎలా వేస్తారు, ఎన్నాళ్లకి తవ్వుతారు, మరీ ముందు తవ్వితే ఏమవుతుంది, ఆలస్యమైతే తేగ ఎలా పీచెక్కుతుంది, కుండలో తంపట ఎలా పెడతారు, టెంక పగలగొడితే వచ్చే బుర్రగుంజు రుచేమిటి, తేగ చీలిస్తే మధ్యలో ఉండే చందమామ కోసం పిల్లలు ఎలా కొట్టుకుంటారు, అన్నీ పెట్టాను. "తేగల పాతర" అని పేరు. చాలాకాలం జవాబు లేదు. ఆ తర్వాత ఒక ఆదివారం అది సగానికి సగం తగ్గి అచ్చయింది. పేరు "మట్టి పరిమళం". పాతర ఎలా వేయాలో చెప్పిన భాగం మొత్తం ఎగిరిపోయింది. నేను రాయని వాక్యం ఒకటి చివర్లో చేరింది, బాల్యం తిరిగి రాదు అని. ఫోన్ చేసి అడిగితే ఆ సబ్ ఎడిటర్ గారు "పద్ధతులూ అవీ పాఠకులకి బోర్ అమ్మా, ఫీల్ ఉండాలి" అన్నారు. పారితోషికం మనియార్డరు ఇప్పటికీ రాలేదు, అది వేరే సంగతి.

నాకు బ్లాగు మొదలుపెట్టాలన్న పట్టుదల పుట్టింది ఆ ఫోన్ పెట్టేశాకనే. తర్వాత బ్లాగు తెరిచినప్పుడు తొలి టపాల్లోనే తేగల వ్యాసం పూర్తి పాఠం పెట్టాను, "తేగల పాతర వేసే పద్ధతి" అన్న పేరుతో. ఆ వారం వచ్చినవాళ్లు కొద్దిమంది. "నోరూరించారు" అని ఒకరు, "చిన్నప్పటి రోజులు గుర్తొచ్చాయండీ" అని ఒకరు రాసిపోయారు. అంతే. ఎవరూ పట్టించుకోలేదు. అది అక్కడే ఉండిపోయింది, నేనూ దాని సంగతి మర్చిపోయాను.

తర్వాత ప్రతి ఏడూ ఒక తమాషా కనిపించడం మొదలైంది. శ్రావణ భాద్రపదాల్లో తాటిపళ్లు రాలే రోజుల్లో కొందరు వస్తారు. వాళ్లకి టెంకలు ఎలా పాతాలో కావాలి. కార్తీకం దాటి చలి ముదిరాక ఇంకొందరు వస్తారు, ఎప్పుడు తవ్వాలి, ఎలా కాల్చాలి అని. మధ్యలో ఎవరూ రారు. దుబాయ్ నుంచి ఒకాయన కామెంటు పెట్టాడు, "ఇక్కడ ఇసుకకి లోటు లేదు మేడమ్, టెంకలే లేవు" అని. ఇంకెవరో కుండీలో పాతి చూస్తామన్నారు, ఏమైందో మళ్లీ చెప్పలేదు. ఆ సబ్ ఎడిటర్ గారు బోర్ అని కోసేసిన భాగం కోసమే వీళ్లందరూ వచ్చింది. బాల్యం తిరిగి రాదు అన్న వాక్యం కోసం ఇంతవరకు ఎవరూ రాలేదు.

పాతిన టెంకకీ రాసిన టపాకీ ఇక్కడ పోలిక చెబుతాననుకుంటున్నావేమో. చెప్పను. అలాంటి పోలికలతోనే ఆదివారం అనుబంధాలు నిండిపోయాయి.

నేను చెప్పేది మాత్రం విను. బ్లాగు చదివేవాడు ఆలస్యంగా వస్తాడు. నువ్వు పబ్లిష్ నొక్కిన రోజున వచ్చేవాడు నీ స్నేహితుడు, నీ చుట్టం, లేకపోతే నీ టపా కింద తన బ్లాగు లింకు పెట్టుకోవడానికి వచ్చిన ఇంకో బ్లాగరి. వాళ్లు వస్తారు, పోతారు. అవసరం ఉండి వెతుక్కుంటూ వచ్చేవాడు ఆరు నెలలకో ఆరేళ్లకో వస్తాడు. వాడొచ్చేసరికి టపా అక్కడ ఉండాలి. ఇంతకు మించి ట్రాఫిక్ శాస్త్రం ఏదీ నాకు తెలియదు, ఉందని నమ్మను కూడా.

లెక్క వేసి చూడు. ఒక టపాకి రోజుకి ఇద్దరు వెతుక్కుంటూ వచ్చారనుకో, అది సిగ్గుపడేంత చిన్న అంకె. అలాంటి టపాలు వంద ఉంటే నువ్వు నిద్రపోతున్నా రోజుకి రెండు వందల మంది వస్తారు. వాళ్లలో పదిమంది నీ ఇంకో టపా కూడా తెరుస్తారు. ఒకరిద్దరు నీ పేరు గుర్తు పెట్టుకుంటారు. బ్లాగు పెరగడమంటే ఇంతే. కొత్త టపా మీద వచ్చే జనంతో కాదు, పాత టపాలు మోసుకొచ్చే జనంతో పెరుగుతుంది. పాతవాటిని తీసేసేవాళ్లకి ఎన్నేళ్లు రాసినా మొదటి రోజు అంకెలే ఉంటాయి.

మా రోజుల్లో ఇలా లేదు, అదీ చెప్పాలి. బ్లాగర్ 1999లో వచ్చింది, 2003లో గూగుల్ దాన్ని కొనేసింది. తెలుగువాళ్లం అందులోకి గుంపుగా దిగింది మాత్రం 2006 ప్రాంతంలో. ఆ ఏడే వీవెన్ గారు లేఖిని, కూడలి రెండూ పెట్టారు. లేఖినిలో పై పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే కింది పెట్టెలో తెలుగు పడేది, దాన్ని కాపీ చేసి బ్లాగులో అతికించుకునేవాళ్లం. మన పేరు మనం తెలుగులో మొదటిసారి టైపు చేసుకుని చూసుకున్న సంబరం ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు. కూడలి అంటే తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే సైటు. అందులో ఎవరు టపా రాసినా పైన కనిపించేది, ఇంకొకరు రాయగానే కిందికి జారేది. కాబట్టి టైము చూసి పెట్టేవాళ్లు ఉండేవాళ్లు. పొద్దున పదింటికి పెడితే ఇక్కడ ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లూ చూస్తారు, అమెరికాలో పడుకోబోయేవాళ్లూ చూస్తారని వాళ్ల లెక్క. తర్వాత అలాంటివే జల్లెడ, హారం, మాలిక వచ్చాయి. ఒకరి టపాకి ఇంకొకరు జవాబు టపా, దానికి మళ్లీ ఖండన, మధ్యలో అజ్ఞాతలు దూరి బూతులు. గొప్ప సందడి. నేనా సందడిలో సంతోషంగానే ఉన్నాను, కాదనను. కానీ ఆ జనంలో రాసేవాళ్లే చదివేవాళ్లు. నా టపాకి నువ్వు రెండు మంచి మాటలు రాస్తే నీ టపాకి నేను రెండు రాయాలి. పెళ్లి చదివింపుల ఖాతా.

ఆ ఖాతా ఎంతోకాలం నడవలేదు. 2010లో గూగుల్ బజ్ వచ్చింది, కబుర్లన్నీ అక్కడికి పోయాయి. 2011లో దాన్ని మూసేశారు. అప్పటికే జనం ఫేస్‌బుక్‌లో సర్దుకుంటున్నారు. నచ్చిన బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకచోటికి తెచ్చి చూపే గూగుల్ రీడర్ కూడా 2013 జులై 1న పోయింది. ఫీడ్ పెట్టుకుని క్రమం తప్పకుండా చదివే అలవాటు చాలామందికి దానితోపాటే పోయింది. కామెంట్లు రాలడం ఆగిపోయేసరికి మంచి మంచి బ్లాగరులు "ఎవరూ చదవడం లేదు" అని చేతులు దులుపుకున్నారు. కొందరు బ్లాగులకి తాళం వేశారు, కొందరు నీలాగే తీసేశారు. కోనసీమ వంటలు, శ్రీకాకుళం సామెతలు, రైల్వే కాలనీల్లో బతుకులు, ఎన్ని పోయాయో. అవి చదవడానికి రావలసినవాళ్లు వచ్చేసరికి అక్కడ పేజీ లేదు.

నేను ఆపలేదు. గొప్పతనమేమీ లేదు, పత్రికలవాళ్లు అప్పటికి నన్ను పూర్తిగా మర్చిపోయారు, నాకు వేరే చోటు లేదు. కామెంట్లు లేకుండా రాయడం మొదట్లో చప్పగా ఉండేది. కొన్నాళ్లకి హాయిగా అనిపించింది. ఎవరికీ బదులు తీర్చుకోనక్కర్లేదు.

ఆ ఖాళీ రోజుల్లోనే అట్లతద్ది టపా ఒకటి రాశాను. గోరింటాకు ముందు రోజే ఎందుకు పెట్టుకోవాలి, తెల్లవారుజామున తినే అన్నంలోకి మా వైపు ఏమేం పెట్టేవాళ్లు, వాయనంలో పదకొండు అట్లు ఎలా అమర్చుతారు, ఉద్యాపన ఎలా చేస్తారు, ఊయల ఎవరింటి చెట్టుకి వేసేవాళ్లు, ఇలాంటివి. ప్రతి ఏడూ ఆశ్వయుజ బహుళ తదియ దగ్గర పడేసరికి ఆ టపా మీద జనం పడతారు. పండగ మర్నాడు ఒక్కరూ ఉండరు. ఎక్కువమంది కొత్తగా పెళ్లయినవాళ్లు, అత్తగారిని అడగడానికి మొహమాటపడేవాళ్లు అనుకుంటాను, వాళ్లు అడిగే ప్రశ్నలు అలా ఉంటాయి. అమెరికాలో ఉన్నవాళ్లు చంద్రోదయం అక్కడి టైములో చూడాలా అని అడుగుతారు. టపా కిందే జవాబు రాస్తాను. ఆ జవాబు కూడా తర్వాతి ఏడు వచ్చేవాళ్లకి పనికొస్తుంది. అదే ప్రశ్న ఫేస్‌బుక్‌లో అడిగితే ఏటా మొదటి నుంచీ చెప్పుకురావాలి.

ఫేస్‌బుక్ మీద నాకు పగ ఉందని అందరూ అంటారు. ఉంది. నువ్వు అక్కడ రాసింది రేపు సాయంత్రానికి నీ గోడ మీద నీకే దొరకదు. బయటివాళ్లు గూగుల్‌లో వెతికితే అసలే కష్టం. వేల లైకులు వచ్చిన పోస్టుని మూడు నెలల తర్వాత పట్టుకోలేక నన్ను మెయిల్లో అడిగినవాళ్లు ఉన్నారు, "మీకేమైనా గుర్తుందా" అని. ఇంకో ఫ్యాషన్ ఉంది, తెలుగు అక్షరాలని పువ్వుల బొమ్మ మీద వేసి ఫొటోగా పెట్టడం. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ చెప్పుకోవడానికి బాగుంటుంది. రాతని రాతగా పెట్టు, బొమ్మగా పెట్టకు. ఒకప్పుడు మన దినపత్రికల వెబ్‌సైట్లు ఎవరి సొంత ఫాంటు వాళ్లు పెట్టుకుని నడిపేవి. తెర మీద తెలుగు కనిపించేది, లోపల మాత్రం చెత్త అక్షరాలు. అన్ని కంప్యూటర్లకీ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్ కాదు కాబట్టి వెతుకుడు యంత్రానికి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అన్ని పుటలు, అంతమంది విలేకరుల శ్రమ, వెతికితే దొరక్కుండా పోయింది. అదే కాలంలో ఒక గుమాస్తా యూనికోడ్‌లో రాసుకున్న నాలుగు ముక్కలు దొరికేవి. ఈ అన్యాయాన్ని నేను చాలా ఇష్టంగా గుర్తు చేసుకుంటాను.

ఇక నీకు పనికొచ్చే చిన్న సంగతులు. ట్రాఫిక్ పెంచే పది రహస్యాలని నువ్వొక టపా రాశావే, అలా వీటిని రహస్యాలు అనకు.

బ్లాగర్‌లో తెలుగు పేరు పెట్టి పబ్లిష్ నొక్కితే దానికి తెలుగు అక్షరాలు అర్థం కాక, అడ్రసులో పేరుకి బదులు బ్లాగ్-పోస్ట్ అని వేసి పక్కన ఏదో అంకె తగిలిస్తుంది. నీ టపాలన్నీ అలాగే ఉన్నాయి. పబ్లిష్ చేసేముందు పక్కన పెర్మాలింక్ అని ఉంటుంది, అక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో నీరటి, చెరువు తూము అని నువ్వే కొట్టు. ముందే కొట్టు. ఒకసారి బయటికి వెళ్లాక మార్చకు, మారిస్తే ఎవరైనా ఎక్కడైనా ఇచ్చిన పాత లింకు చచ్చిపోతుంది. మనవాళ్లలో చాలామంది తెలుగు మాటలని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టి వెతుకుతారు, వాళ్లకీ దారి దొరుకుతుంది.

నీ టపాలు ఒకదానికొకటి ముడిపెట్టు. తాత టపాలో పీర్ల పండగ సంగతి ఒక్క వాక్యంలో వచ్చింది. దాని మీద నువ్వే వేరే టపా రాశావు కదా, అక్కడికి లింకు ఇవ్వలేదు. గూగుల్ యంత్రం లింకులు పట్టుకునే ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి నడుస్తుంది. ఎవరు ఎవరికి లింకు ఇచ్చారన్నది చూసి పేజీల విలువ కట్టే పద్ధతితోనే 1998లో ఆ కంపెనీ మొదలైంది. మనుషులు కూడా అలాగే నడుస్తారు. నీకన్నా ముందు చెరువుల మీద బాగా రాసినవాళ్లుంటే వాళ్లకీ లింకు ఇవ్వు, పిసినారితనం వద్దు.

స్టాట్స్ పేజీ రోజూ చూడకు. చూడకుండా ఉండలేవని తెలుసు, నేనూ ఉండలేను. చూస్తే మొత్తం అంకె చూడకు. పొద్దున లేచేసరికి మనకి చుట్టపక్కం లేని దేశం నుంచి వందల వ్యూస్ కనిపిస్తాయి. అవి మనుషులవి కావు, పేజీలు గోక్కుంటూ తిరిగే యంత్రాలవి. నీ "పది రహస్యాలు" టపాకి వచ్చిన నాలుగు వందల్లో అవెన్నో దేవుడికే తెలియాలి. ఎవరు ఏ మాట వెతుకుతూ నీ దగ్గరికి వచ్చారో చూడు. గూగుల్ సెర్చ్ కన్సోల్ అని ఉచితంగా దొరుకుతుంది, అందులో ఆ మాటలు కనిపిస్తాయి. అంత ఇష్టంగా చదువుకునే సాహిత్యం నాకు ఇంకోటి లేదు. "తేగలు తింటే వేడా" అని ఒకరు. "అట్లతద్ది ముట్టు వస్తే ఎలా" అని ఒకరు, పాపం. వాటిలోంచే నాకు తర్వాతి టపాలు పుట్టాయి.

ఆ పది రహస్యాల టపా గురించి రెండు ముక్కలు. "మీ బ్లాగుకి ట్రాఫిక్ పెంచే పది రహస్యాలు" అని రాశావు, నీ బ్లాగుకి ట్రాఫిక్ లేదని నాకు మెయిలు రాశావు. ఆకట్టుకునే హెడ్డింగు పెట్టండి, క్వాలిటీ కంటెంట్ రాయండి, సోషల్ మీడియాలో షేర్ చేయండి. ఇవి ఇంగ్లీషులో వెయ్యి చోట్ల ఉన్నాయి, నువ్వు వెయ్యిన్నొకటో చోట తెలుగులో పెట్టావు. చెరువు గురించి నువ్వు రాస్తే నువ్వే రాయాలి. ఆ పది రహస్యాలు ఎవరు రాసినా ఒకటే. ఇప్పుడైతే మనిషి కూడా అక్కర్లేదు, 2024 నుంచి గూగుల్ తనే జవాబు తయారు చేసి పైన పెడుతోంది, కింద ఉన్న పేజీ తెరిచేవాళ్లు తగ్గారు. దీనివల్ల నా వంటల టపాలకి కూడా దెబ్బ తగిలింది. పులిహోర ఎలా చేయాలో యంత్రం చెప్పేస్తుంది. మీ ఊరి చెరువు తూము మూత ఎంత ఎత్తాలో దానికి ఎవరు చెబుతారు? ఎక్కడో ఒకచోట రాసి ఉంటేనే కదా.

యాడ్‌సెన్స్ గురించి అడిగావు. 2018లో తెలుగుకి ఇచ్చారు. నేనూ పెట్టుకుని చూశాను, తేగల పక్కన మోకాళ్ల నొప్పుల ప్రకటన వచ్చింది, తీసేశాను. దాని మీద బతకాలనుకుంటే నాకు రాయకు, వేరేవాళ్లకి రాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది, నీ రాతలన్నీ ఒక కాపీ ఇంట్లో పెట్టుకో. బ్లాగర్ సెట్టింగుల్లో బ్యాకప్ అని ఉంటుంది, అక్కడి నుంచి వెళ్తే నీ రాతల ఫైలు దింపుకోవచ్చు. ఉచితంగా ఇచ్చిన ఇల్లు ఎప్పుడైనా ఖాళీ చేయమంటారు. జనానికి ఉచితంగా వెబ్ పేజీలు ఇచ్చిన జియోసిటీస్‌ని యాహూవాళ్లు 2009లో కూల్చేశారు. గూగుల్ ప్లస్ 2019లో పోయింది. యాహూ గ్రూపుల్లో పాత సందేశాలు తీసేస్తామని 2019లో చెప్పారు, 2020 ముగిసేలోపే మొత్తం మూసేశారు. తెలుగు సాహిత్యం మీద ఇంటర్నెట్‌లో నడిచిన తొలి గట్టి వాదాల్లో చాలా భాగం అలాంటి గ్రూపుల్లో జరిగింది. ఎవరో పూనుకుని దాచుకున్నంత మేరకే మిగిలింది. దానికి ఎదురుగా ఈమాట అనే వెబ్ పత్రికని చూడు. 1998లో మొదలైంది, అప్పటి సంచికలు ఇవాళ నొక్కినా తెరుచుకుంటాయి. అందులో పాత వ్యాసం ఒకటి వెతుక్కుంటూ వెళ్లి, అది ఉన్నచోటే ఉండడం చూసి నేను ఎన్నోసార్లు కృతజ్ఞతగా అనుకున్నాను. ఆ వ్యాసానికి మొదటి వారంలో ఎన్ని వ్యూస్ వచ్చాయని నేను అడిగానా?

సరే. ఇప్పుడు నువ్వు చేయాల్సింది. బ్లాగర్‌లో ట్రాష్ అని ఒక అర ఉంది, తీసేసిన టపాలు కొన్నాళ్లపాటు అందులో ఉంటాయి. వెంటనే చూడు. ఉంటే అక్కడి నుంచే వెనక్కి తీసుకో, పాత అడ్రసుతోనే వస్తుందేమో ప్రయత్నించు. లేకపోతే నాకు పంపిన ఫైలు మళ్లీ పెట్టు. పేరు మార్చు, "చెరువు నీళ్లు పంచే నీరటి: మా తాత పని" అని పెట్టినా చాలు. మీ ఊరి పేరు, మండలం పేరు మొదటి పేరాలోనే రావాలి. ఇప్పుడున్న టపాలో చివరి దాకా "మా ఊరు" అనే ఉంది, ఏ ఊరో నాకు ఇప్పటికీ తెలియదు. రాయలసీమలో ఇదే పని చేసేవాణ్ణి నీరుగంటి అంటారు, ఆ మాట కూడా ఎక్కడో ఒకచోట పడెయ్, అటువైపువాళ్లూ వస్తారు. మొదటి పేరాలో వాన మీద కవిత్వం ఉంది, అది తీసెయ్. తీసేయాలని అంత సరదాగా ఉంటే అలాంటివి తియ్యి.

ఇంకా కొన్ని నువ్వు రాయకుండా వదిలేశావు. కోతలయ్యాక కల్లం దగ్గర నీరటికి గింజ ఇచ్చేవాళ్లని ఒక్క ముక్క రాశావు. ఎకరానికి ఎంత? కుంచంతో కొలిచేవాళ్లా, తట్టతోనా, పనలుగా ఇచ్చేవాళ్లా? పంట పోయిన ఏడు ఏం ఇచ్చేవాళ్లు? బోర్లు వచ్చాక ఆయన పని ఏమైంది, ఆయన తర్వాత తూము దగ్గరికి ఎవరు దిగుతున్నారు? తాత లేడన్నావు, నాయనమ్మ ఉందని రాశావు కదా. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆమెని అడిగి, ఫోన్‌లో రికార్డు చేసుకుని, వేరే టపాగా రాయి. దానికి ఏడు వ్యూస్ వచ్చినా నాకు చెప్పకు. లింకు మాత్రం పంపు.

ఉంటాను,
పిన్ని (మేడమ్ అనకు)

తా.క. కామెంటు పెడదామని నీ బ్లాగుకి వెళ్తే, నేను మనిషినో కాదో తేల్చుకోవడానికి ట్రాఫిక్ లైట్లు ఉన్న బొమ్మలన్నీ నొక్కమంది. రెండుసార్లు నొక్కినా నమ్మలేదు. ఆ వర్డ్ వెరిఫికేషన్ తీసెయ్. 2007 నుంచి ప్రతి కొత్త బ్లాగరికీ మేము రాస్తున్న మొదటి కామెంటు ఇదే, నీ బ్లాగులో అది కూడా రాయనివ్వడం లేదు.